రోగనిరోధక వ్యవస్థ: విజయవాడ, గుంటూరు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోవిడ్ వచ్చి వెళ్లిన తరువాత బెసెంట్ రోడ్డులోనైనా, బ్రాడీపేటలోనైనా మందుల దుకాణం ముందు కాసేపు నిలబడితే “ఇమ్యూనిటీకి ఏదైనా మంచిది ఇవ్వండి” అనే మాట తప్పకుండా వినబడుతుంది. ఆ మాట వెనుక ఉన్న ఆందోళన న్యాయమైనదే గాని, అడుగుతున్న వస్తువు మాత్రం దుకాణంలో దొరికేది కాదు. రోగనిరోధక వ్యవస్థ విషయంలో డబ్బు పెట్టి పెంచుకోవలసినదాని కంటే చేజేతులా పాడుచేసుకోకుండా చూసుకోవలసినదే ఎక్కువ. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే. ఇవి అవగాహన కోసం మాత్రమే. మీ వైద్యుడు మిమ్మల్ని పరీక్షించి చెప్పే మాటకు ఇవి బదులు కావు.

రోగనిరోధక వ్యవస్థ శరీరంలో ఎక్కడ ఉంటుంది?

గుండెకో, మూత్రపిండానికో ఉన్నట్లు దీనికి ఒక స్థిరమైన చోటు లేదు. చర్మం, ముక్కులోను, గొంతులోను, పేగుల్లోను ఉండే తడి పొరలు, కన్నీళ్లలోని లైసోజైమ్ అనే ఎంజైము, జీర్ణాశయంలోని ఆమ్లం, ఇవన్నీ దానిలో భాగాలే. రక్తంలో తిరిగే తెల్లకణాలు ఎముకల మజ్జలో పుడతాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకాన్ని మాత్రమే లెక్కిస్తే, ఆరోగ్యవంతుడి మజ్జ రోజుకు సుమారు 10,000 కోట్ల కణాలను తయారుచేస్తుంది. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో టీ కణాలు తమ శరీరానికి చెందినదేదో, బయటి నుంచి వచ్చినదేదో గుర్తించడం నేర్చుకుంటాయి. ఆ గ్రంథి యుక్తవయసు దాటాక క్రమంగా కుంచించుకుపోతుంది. కాలికి పుండు పడినప్పుడు గజ్జల్లో బిళ్ల కట్టిందని అంటామే, ఆ బిళ్ల వాచిన లింఫు గ్రంథి. పుండులో నుంచి వచ్చిన క్రిములను పట్టి ఆపే పని అక్కడ జరుగుతున్నదని దాని అర్థం.

ఒకసారి తట్టు (మీజిల్స్) వస్తే మళ్లీ రాదు గదా, జలుబు మాత్రం ఏటా ఎందుకు వస్తుంది?

క్రిమి లోపలికి రాగానే గంటల వ్యవధిలో స్పందించే కణాలు కొన్ని ఉంటాయి. అవి ఏ క్రిమి అని చూడవు. ఆ క్రిమికే ప్రత్యేకమైన యాంటీబాడీలను, అంటే క్రిమిని పట్టుకుని అడ్డగించే పదార్థాలను, తయారుచేసే బీ కణాలు, వైరస్ సోకిన కణాలను చంపే టీ కణాలు సిద్ధం కావడానికి తొలిసారి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వ్యాధి తగ్గిన తరువాత వాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి మిగిలిపోయి, అదే క్రిమి మళ్లీ వస్తే చాలా వేగంగా పనిచేస్తాయి. తట్టును కలిగించే వైరస్ పైరూపం పెద్దగా మారదు కనుక ఒకసారి ఏర్పడిన జ్ఞాపకం జీవితాంతం సరిపోతుంది. జలుబుకు కారణమయ్యే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి. ప్రతి జలుబూ దాదాపు కొత్తదే.

తట్టు విషయంలో మరొక సంగతి చాలామందికి తెలియదు. ఆ వైరస్ జ్ఞాపక కణాలలోకే చొరబడి వాటిని నాశనం చేస్తుంది. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, టీకా వేయించుకోని నెదర్లాండ్స్ పిల్లలకు తట్టు వచ్చి తగ్గిన తరువాత, అంతకుముందు ఇతర క్రిములపై వారికి ఉన్న యాంటీబాడీలలో 11 నుంచి 73 శాతం వరకు పోయినట్లు తేలింది. అంటే తట్టు వచ్చిపోయిన బిడ్డ పాత జబ్బుల ముందు మళ్లీ పసిబిడ్డలా నిలబడవలసి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఒంటిమీద పొక్కులు కనబడితే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి ఊరుకునే అలవాటు మన ప్రాంతంలో ఇంకా ఉంది. వేపమండలు కట్టుకోవడంలో తప్పేమీ లేదు, కానీ బిడ్డను వైద్యుడికి చూపించడం, మిగిలిన పిల్లల టీకా కార్డు తీసి చూడడం ఆ రోజే జరగాలి.

రోగనిరోధక శక్తిని పెంచుకోవచ్చా?

పోషకాహార లోపం ఉన్నవారిలో ఆ లోపాన్ని సరిచేయవచ్చు; టీకాతో ఒక నిర్దిష్ట వ్యాధిపై రక్షణ కల్పించవచ్చు. అంతకు మించి, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ వ్యవస్థను మొత్తంగా “పెంచడం” సాధ్యం కాదు, సాధ్యమైనా అది మేలు చేయదు. ప్రకాశం బ్యారేజీకి గేట్లన్నీ ఎప్పుడూ ఎత్తి ఉంచడం ఎలా క్షేమం కాదో, రోగనిరోధక స్పందన ఎప్పుడూ ఉద్ధృతంగా ఉండడం కూడా అలాగే క్షేమం కాదు. అవసరం వచ్చినప్పుడు లేచి, అవసరం తీరగానే తగ్గాలి. తగ్గవలసిన వేళ తగ్గకపోవడం వల్లనే కీళ్లవాతం, లూపస్ (చర్మం, కీళ్లు, మూత్రపిండాలపై శరీరమే దాడి చేసే జబ్బు), ఉబ్బసం వంటి జబ్బులు వస్తున్నాయి. కోవిడ్‌లో చాలామంది ఊపిరితిత్తులను దెబ్బతీసినది కూడా వైరస్ ఒక్కటే కాదు, దానిపై శరీరం చూపిన అదుపు లేని స్పందన. కనుక సీసాపై “ఇమ్యూనిటీ బూస్టర్” అని రాసి ఉన్న దేనినైనా చూసినప్పుడు, ఏ కణాన్ని, ఎంత మేరకు, ఎవరిలో పెంచుతుందో చెప్పమని అడగండి. జవాబు రాదు.

మరి కషాయం, తిప్పతీగ, విటమిన్ మాత్రల సంగతి ఏమిటి?

మిరియాలు, అల్లం, తులసి వేసిన కషాయం గొంతుకు హాయినిస్తుంది. మితంగా తాగితే హాని లేదు. తిప్పతీగ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దానిని రోజూ తీసుకున్న కొందరిలో కాలేయం వాచినట్లు 2021లో ముంబై వైద్యులు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. వివాదం ఎలా ఉన్నా, కాలేయ జబ్బు ఉన్నవారు, థైరాయిడ్ లేదా కీళ్లవాతం వంటి స్వయంప్రతిరక్షక వ్యాధులు (శరీరం తనపై తానే దాడి చేసే జబ్బులు) ఉన్నవారు తమంతట తాము దానిని రోజూ తాగకపోవడమే మంచిది. విటమిన్ సీ మాత్రలు రోజూ వేసుకున్నంత మాత్రాన సామాన్యులకు జలుబు రాకుండా ఆగదు. వచ్చిన జలుబు కొద్దిగా ముందు తగ్గవచ్చు, అంతే. జింకుకు నిజంగా గట్టి ఆధారం ఉన్న చోటు చిన్నపిల్లల విరేచనాలు: ఓఆర్‌ఎస్‌తో పాటు ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నబిడ్డకు 10 మిల్లీగ్రాముల చొప్పున 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు ఆగిపోయాయని మధ్యలో మానకూడదు. ఈ మాత్రలు ఆశా కార్యకర్తల దగ్గర, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా దొరుకుతాయి.

ఏం తింటే మంచిది?

యాంటీబాడీలు ప్రోటీన్లు. కంచంలో పోగుపోసిన తెల్లన్నం, ఊరగాయ, చివర ఇంత మజ్జిగ, ఇదే పూట భోజనం అయినప్పుడు కడుపు నిండుతుంది గాని ప్రోటీను చాలదు. ముద్దపప్పు, గుడ్డు, చేప, పెసలు, సెనగలు, పెరుగు, వీటిలో ఒకటి రెండు ప్రతి పూటా ఉండేలా చూసుకుంటే మాత్రల ఖర్చు మిగులుతుంది. గోంగూర, తోటకూర, మునగాకు, జామకాయ మన మార్కెట్లలో చవకగా దొరికేవే. వయసు మళ్లినవారు పళ్లు లేవని పప్పునీళ్లతో సరిపెట్టుకోవడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. వారికి మెత్తగా ఉడికించిన గుడ్డో, పప్పో తప్పక పెట్టాలి.

మా నాన్నగారికి షుగరు ఉంది. చిన్న పుండు కూడా మానడం లేదు. రోగనిరోధక శక్తి తగ్గిందంటారా?

అవును, మన రెండు నగరాలలో ఈ వ్యవస్థను నిశ్శబ్దంగా దెబ్బతీస్తున్న కారణాలలో దీనికే పెద్దపీట వేయాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు న్యూట్రోఫిల్స్ పుండు దగ్గరకు చేరడంలోను, క్రిమిని మింగి చంపడంలోను వెనుకబడతాయి. సన్నని రక్తనాళాలు దెబ్బతిని కణాలు అక్కడికి చేరే దారే ఇరుకవుతుంది. నరాలు మొద్దుబారి పాదంలో ముల్లు దిగినా తెలియదు. మూత్రంలో మంట, మర్మాంగాల దగ్గర దురద, పదేపదే సెగ్గడ్డలు రావడం వంటి వాటితోనే చాలామందికి తమకు షుగరు ఉందని మొదటిసారి తెలుస్తుంది. షుగరు ఉన్నవారికి క్షయ వచ్చే ముప్పు ఇతరుల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కనుక రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి, అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

“చిన్నప్పుడు బీసీజీ వేయించాం, చేతిపై మచ్చ కూడా ఉంది గదా” అని కొందరు నిశ్చింతగా ఉంటారు. బీసీజీ పసిపిల్లలను మెదడు పొరలకు సోకే క్షయ నుంచి, ఒళ్లంతా పాకే క్షయ నుంచి బాగా కాపాడుతుంది. పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆపుతుందన్న నమ్మకం లేదు. మన పక్కనే తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో 1968లో మొదలైన పెద్ద అధ్యయనం ఈ సంగతిని తేల్చింది.

ఇందులో ఆశాజనకమైన విషయం ఒకటుంది. చక్కెర అదుపులోకి వస్తే తెల్లకణాల పనితీరు కూడా చాలావరకు కోలుకుంటుంది. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే, మూడు నెలలకొకసారి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్షలో చాలామందికి 7 శాతం లోపు ఉండడం లక్ష్యం. మీ నాన్నగారి వయసును బట్టి వైద్యుడు దానిని సడలించవచ్చు. ప్రతి రాత్రి పాదాలను, వేళ్ల సందులను వెలుతురులో చూడాలి. చూపు సరిగా లేకపోతే ఆ పని ఇంట్లో మరొకరు చేయాలి.

కీళ్లనొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇచ్చే మాత్రలతో హాయిగా ఉంటోంది. వాడుకోవచ్చా?

ముందు ఆ మాత్ర పేరు తెలుసుకోండి. కాగితంలో పొట్లం కట్టి పేరు చెప్పకుండా ఇచ్చే నొప్పుల మందులలో తరచుగా ఉండేది ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్. నొప్పి, వాపు, జ్వరం రాత్రికి రాత్రే తగ్గుతాయి, ఆకలి పుడుతుంది, ఒంట్లో ఉత్సాహం వస్తుంది. ఇచ్చినవారికి మంచి పేరూ వస్తుంది. కానీ నొప్పిని తగ్గించిన ఆ మందే రోగనిరోధక కణాలను కూడా అణచివేస్తుంది. రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్‌ను రెండు వారాలు, ఆపైన వాడుతున్న మనిషిని వైద్యులు రోగనిరోధకత అణగిన వ్యక్తిగానే లెక్కవేస్తారు. పాత క్షయ తిరగబెట్టవచ్చు, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. 2021లో కోవిడ్ రెండో విడత సమయంలో ముక్కు, కన్ను, దవడ కోల్పోయేలా చేసిన బ్లాక్ ఫంగస్ ఎక్కువగా సోకినది అదుపులో లేని షుగరు ఉండి స్టెరాయిడ్లు వాడినవారికే.

అయితే ఈ జవాబు చదివి రేపటి నుంచే మాత్రలు మానేయవద్దు. వారాల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నప్పుడు మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు తమ సొంత స్టెరాయిడ్ ఉత్పత్తిని ఆపివేస్తాయి. ఒక్కసారిగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. పొట్లంతో సహా వైద్యుడి దగ్గరకు వెళ్లి, మోతాదును మెల్లగా తగ్గించుకోవాలి. స్టెరాయిడ్ అంటేనే విషమని కూడా అనుకోవద్దు. ఉబ్బసంలోను, లూపస్‌లోను అవి ప్రాణాలు నిలుపుతాయి. ఇన్‌హేలర్‌లో ఉండే మోతాదు చాలా స్వల్పం కనుక భయపడి దానిని మానడం పెద్ద పొరపాటు.

గజ్జల్లో తామరకు క్రీము రాస్తే తగ్గి మళ్లీ మరింత ఎక్కువ అవుతోంది. ఎందుకు?

పై జవాబులోని కథే చర్మం మీద జరుగుతోంది. దుకాణంలో అడిగి తెచ్చుకునే కలగలుపు క్రీములలో స్టెరాయిడ్ ఉంటుంది. అది దురదను, ఎరుపును, అంటే మీ చర్మం చేస్తున్న ప్రతిఘటనను అణచివేస్తుంది. శిలీంధ్రం మాత్రం మన కోస్తా ఉక్కపోతలో హాయిగా పాకుతుంది. చర్మవైద్యుడు చెప్పిన యాంటీఫంగల్ మందును చెప్పినన్ని వారాలు వాడాలి, తువ్వాళ్లు విడిగా ఉంచుకోవాలి, ఇంట్లో ఎవరికి ఉన్నా అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి.

మిర్చి యార్డులో పని. రోజంతా తుమ్ములు, దగ్గు. ఇది అలర్జీనా?

గుంటూరు వారు తప్ప మరెవరూ ఇంతగా అడగని ప్రశ్న ఇది. మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ ముక్కులోను, గొంతులోను ఉండే నరాల చివరలను నేరుగా తాకుతుంది. వేడిని గుర్తించే గ్రాహకమే దానినీ గుర్తిస్తుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కనుక టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుతున్నప్పుడు, తొడిమలు తీస్తున్నప్పుడు వచ్చే తుమ్ము, కంటి నీరు ఎక్కువగా నరాల మంటే గాని రోగనిరోధక వ్యవస్థ పని కాదు. యార్డు దాటి బయటకు వస్తే కొంతసేపటికి తగ్గిపోతుంది.

ఇంటికి వచ్చాక రాత్రిళ్లు పిల్లికూతలు, తెల్లవారుజామున ఆయాసం, సెలవు రోజుల్లో తగ్గి పనిలోకి దిగగానే మళ్లీ మొదలవడం ఉంటే మాత్రం అది ఉబ్బసం కావచ్చు. దుమ్ము, నిల్వ సరుకుపై పట్టిన బూజు కణాలు అందుకు కారణమవుతాయి. ఊపిరి పరీక్ష చేయించుకుని ఇన్‌హేలర్ వాడవలసి ఉంటుంది. ముఖానికి చుట్టుకునే తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు; ముక్కుకు బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు చాలావరకు ఆపుతుంది. హమాలీలకు, తొడిమలు తీసే మహిళలకు వీటిని అందించడం సరుకు యజమానులు భరించలేని ఖర్చు కాదని మా అభిప్రాయం.

పొగాకు, మద్యం కూడా రోగనిరోధకతను తగ్గిస్తాయా?

తగ్గిస్తాయి. శ్వాసనాళాల్లో కళ్లెను పైకి నెట్టే సన్నని నూగును పొగ చచ్చుబడేలా చేస్తుంది. న్యుమోనియా, క్షయ ముప్పు పెరుగుతుంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. అతిగా మద్యం తాగేవారిలో తెల్లకణాల తయారీ, పనితీరు రెండూ దెబ్బతింటాయి.

పిల్లల టీకాలలో ఏవి ముఖ్యం? ఆలస్యమైతే ఏం చేయాలి?

తల్లి గర్భంలో మాయ ద్వారా బిడ్డకు యాంటీబాడీలు అందుతాయి. పుట్టగానే ముర్రుపాలు పేగులకు రక్షణనిస్తాయి. ముర్రుపాలను పిండి పారబోసి తేనె నాకించే ఆచారం ఎక్కడైనా మిగిలి ఉంటే వెంటనే మానాలి, ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదకరం కూడా. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు నెలల్లో తరిగిపోతాయి. ఆ ఖాళీని టీకాలు పూరిస్తాయి: పుట్టినప్పుడు బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటలలోపు హెపటైటిస్ బీ, 6, 10, 14 వారాలకు ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్ తదితరాలు, 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లాలకు ఎంఆర్ మొదటి మోతాదు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది, బూస్టర్లు, తరువాత 5 ఏళ్లకు, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు. తట్టు టీకాను తొమ్మిది నెలల దాకా ఆపడానికి కారణం, అంతకుముందు తల్లి యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వకపోవడమే. ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయనక్కరలేదు. ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు. కార్డు పట్టుకుని ఏఎన్‌ఎం దగ్గరకు వెళ్లడమే ఆలస్యం.

బెజవాడ ఎండలను దృష్టిలో పెట్టుకుని ఒక మాట. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేయాలి. బయట దుకాణంలో కొని, బండి డిక్కీలో వేసుకుని ఊరంతా తిరిగి ఆసుపత్రికి చేరిస్తే ఆ టీకాకు విలువ ఉండదు. ఐస్‌కు నేరుగా తగిలి గడ్డకడితే కూడా కొన్ని టీకాలు పాడవుతాయి. వేసే చోటే ఫ్రిజ్‌లో ఉన్న టీకాను వేయించుకోవడం మేలు.

మా బాబుకు తరచుగా జబ్బు చేస్తోంది. మాది మేనరికం. పుట్టుకతోనే లోపం ఉందేమో ఎలా తెలుస్తుంది?

అయిదేళ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా అంగన్‌వాడీకో బడికో వెళ్లడం మొదలైన ఏడాది, ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే. బరువు పెరుగుతూ, మధ్యలో ఆటపాటలతో ఉంటే కంగారు అక్కరలేదు. ఒకే ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగు లేదా అంతకు మించి చెవి పోటు చీముతో రావడం, యాంటీబయాటిక్‌ను రెండు నెలలు వాడినా తగ్గకపోవడం, బరువు పెరగకపోవడం, నోట్లో తెల్లపూత పోకపోవడం, కుటుంబంలో పసిపిల్లలు కారణం తెలియకుండా చనిపోయిన చరిత్ర ఉండడం, ఇవి హెచ్చరికలు. మేనమామనో, మేనబావనో చేసుకున్న దంపతుల బిడ్డలలో తల్లిదండ్రులిద్దరి నుంచి ఒకే లోపభూయిష్ట జన్యువు వచ్చే అవకాశం ఎక్కువ కనుక, ఆ సంగతిని వైద్యుడికి దాచకుండా చెప్పాలి. తీవ్రమైన పుట్టు లోపం ఉన్న బిడ్డకు బీసీజీ వంటి సజీవ టీకాలు (బలహీనపరచిన క్రిములతో చేసినవి) ప్రమాదం కలిగిస్తాయి. కాబట్టి పై బిడ్డ అలా పోయి ఉంటే, తరువాతి బిడ్డకు పుట్టిన రోజే టీకాలు వేయకముందే ఆ మాట చెప్పి తీరాలి.

డెంగీ ఒకసారి వచ్చి తగ్గింది. ఇక రక్షణ ఉన్నట్లేనా?

లేదు. పైగా రెండోసారి మరింత జాగ్రత్త కావాలి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. వచ్చిన రకంపై మాత్రమే దీర్ఘకాల రక్షణ ఉంటుంది. వేరే రకం సోకినప్పుడు పాత యాంటీబాడీలు దానిని పట్టుకుంటాయి గాని నిర్వీర్యం చేయలేవు. పైగా అది తెల్లకణాల లోపలికి సులువుగా చేరేందుకు తోడ్పడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పటి వంటి పరిస్థితులలో, నీరు తీసిన తరువాత మిగిలే నిల్వ నీరే దోమలకు ఆలవాలం. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడకూడదు. జ్వరం తగ్గిన తొలి రెండు రోజులే గండం: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత ఉంటే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. బొప్పాయి ఆకు రసం తాగించి ప్లేట్‌లెట్ల లెక్క చూసుకుంటూ ఇంట్లో కూర్చోవడం, సెలైన్ అందవలసిన సమయాన్ని పోగొట్టుకోవడమే.

పచ్చకామెర్లకు పసరు మందుతో తగ్గింది గదా?

కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాల కామెర్లను చాలామందిలో రోగనిరోధక వ్యవస్థే కొన్ని వారాలలో తనంతట తాను తగ్గించుకుంటుంది. ఆ సమయంలో ముక్కులో పోసిన పసరుకు, చేతికి పెట్టిన వాతకు ఆ ఘనత దక్కుతోంది. హెపటైటిస్ బీ, పిత్తనాళంలో రాయి, క్యాన్సర్ వంటి కారణాలతో కళ్లు పచ్చబడినవారు పసరు దగ్గర ఆగిపోతే నష్టం తీరనిది. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు.

కీళ్లవాతానికి వైద్యుడు మెథోట్రెక్సేట్ రాశారు. అది క్యాన్సర్ మందట గదా?

పెద్ద మోతాదులో క్యాన్సర్‌కు, చిన్న మోతాదులో కీళ్లవాతానికి వాడతారు. ఇక్కడ శరీరం తన కీళ్ల పొరలనే పరాయివిగా ఎంచి దాడి చేస్తోంది. ఆ దాడిని ఈ మందు శాంతపరుస్తుంది. దీని వెనుక మనవారే ఉన్నారు: 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, దానికి విరుద్ధంగా పనిచేసే ఈ మందు రెండూ వచ్చాయి. దుష్ఫలితాలు తగ్గడానికి వైద్యులు ఫోలిక్ ఆమ్లం మాత్రను కూడా తోడుగా రాస్తారు.

ఒక్క విషయం మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. కీళ్లవాతానికి ఈ మందును వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి, నోరు పూస్తుంది, ప్రాణాపాయం కలుగుతుంది. వారంలో ఏ రోజున వేసుకోవాలో చీటీపై తెలుగులో రాయించుకోండి. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవారు ముందే వైద్యుడికి చెప్పాలి.

హెచ్‌ఐవీ ఉన్నవారి రోగనిరోధకత తిరిగి కోలుకుంటుందా?

కోలుకుంటుంది. ఆ వైరస్ నాశనం చేసేది సీడీ4 కణాలను. మిగిలిన కణాలకు సూచనలిచ్చేవి అవే. ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపుచేసే) మందులు 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా అందుతున్నాయి. 2017 నుంచి సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ కాగానే మొదలుపెడుతున్నారు. మందు మానకుండా వాడి రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదు. సమాచారం కోసం 1097కు ఫోను చేయవచ్చు.

మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

వీరిలో రోగనిరోధకతను వైద్యులే ఉద్దేశపూర్వకంగా తగ్గిస్తారు, లేకపోతే శరీరం ఆ అవయవాన్ని తిరస్కరిస్తుంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో 2016లో గుండె మార్పిడి కూడా జరిగింది. ఎక్కడ చేయించుకున్నా నియమాలు ఇవే. టాక్రోలిమస్ వంటి మందులను గడియారం చూసి ఒకే వేళకు వేసుకోవాలి. పంపరపనస తినకూడదు, రక్తంలో ఆ మందు మోతాదును అది ప్రమాదకరంగా పెంచుతుంది. పచ్చి పచ్చడి, వీధిలో కోసి పెట్టిన పండ్ల ముక్కలు, పానీపూరీ నీళ్లు, సరిగా ఉడకని మాంసం, చేపలు మానాలి. సజీవ టీకాలు వద్దు; ఫ్లూ, న్యుమోకోకల్ టీకాలు వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. ప్లీహం తీసివేసినవారికి కూడా న్యుమోకోకల్, మెనింగోకోకల్ టీకాలు తప్పనిసరి.

నిద్ర తగ్గితే నిజంగా తేడా వస్తుందా?

వస్తుంది. 2015లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలకు మించి నిద్రపోయేవారితో పోలిస్తే ఆరు గంటల లోపు నిద్రపోయేవారికి జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది. రాత్రి పాళీ పనివారికి, పోటీ పరీక్షల పిల్లలకు ఈ సంగతి చెప్పవలసిందే.

క్యాన్సర్‌కు కీమో జరుగుతోంది. రాత్రి జ్వరం వచ్చింది. ఉదయం వరకు ఆగవచ్చా?

ఆగకూడదు. కీమో తరువాత వారం పది రోజులకు, కొందరిలో రెండు వారాల వరకు, న్యూట్రోఫిల్స్ బాగా పడిపోయి ఉంటాయి. ఆ సమయంలో చీము పట్టదు, వాపు రాదు, ఎందుకంటే వాటిని కలిగించే కణాలే లేవు. జ్వరం ఒక్కటే గుర్తు. ఉష్ణమాపకంలో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ కనిపిస్తే పారాసెటమాల్ వేసి చూద్దామని అనుకోకుండా, 108కి ఫోను చేసి గాని, సొంత వాహనంలో గాని అత్యవసర విభాగానికి వెళ్లి, అడుగు పెట్టగానే “కీమో ఫలానా తేదీన జరిగింది, జ్వరం ఉంది” అని చెప్పాలి. వెళ్లిన గంటలోపు యాంటీబయాటిక్ నరం ద్వారా ఎక్కించడం మొదలు కావాలి. కీమో ఫైలును, తాజా రక్తపరీక్ష కాగితాన్ని తలుపు దగ్గర ఒక సంచిలో సిద్ధంగా ఉంచుకోండి.